చుక్క కనబడ్డాక



1982 మే 4. అర్జెంటీనాకూ బ్రిటన్‌కూ యుద్ధం నడుస్తోంది. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, ఫాక్‌లాండ్ దీవులకు కాస్త దూరంలో, అర్జెంటీనా నౌకాదళానికి చెందిన నెప్ట్యూన్ అనే పాత విమానం ఒకటి పొద్దున్నే తిరుగుతోంది. రెండు రోజుల ముందు మునిగిపోయిన తమ నౌక జనరల్ బెల్‌గ్రానో తాలూకు మనుషుల కోసం గాలిస్తున్నట్టుగా ఉంది దాని నడక. చేస్తున్న పని మాత్రం వేరు. రాడార్‌ని కాసేపు వేసి, మళ్ళీ ఆపేసి, బ్రిటిష్ నౌకలు ఎక్కడెక్కడున్నాయో లెక్క కడుతోంది. ఆ లెక్క అందుకుని రియో గ్రాందే స్థావరం నుంచి వచ్చిన రెండు సూపర్ ఎతందార్ యుద్ధ విమానాలు నీళ్ళకు ఆనుకున్నట్టు ఎగిరి, చెరొక ఎక్సోసెట్ క్షిపణి వదిలి వెనక్కి తిరిగాయి. అందులో ఒకటి షెఫీల్డ్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్‌కి తగిలింది. 20 మంది చనిపోయారు.

ఆ నెప్ట్యూన్‌లో ఉన్న రాడార్ పేరు ఏపీఎస్-20. 1940ల నాటి అమెరికన్ సరుకు. అదే కుటుంబానికి చెందిన రాడార్ అంతకు నాలుగేళ్ళ ముందు దాకా బ్రిటిష్ విమానవాహక నౌక మీద నుంచి కూడా ఎగిరేది. 1978లో ఆర్క్ రాయల్ నౌకను పక్కన పెట్టేసినప్పుడు, దాని మీదున్న గానెట్ విమానాలకూ, వాటిలో ఈ రాడార్ల ముందు కూర్చునే అబ్జర్వర్ల పనికీ అక్కడితో సెలవు చెప్పేశారు. అంటే పాతబడిపోయిందని ఒకళ్ళు వదిలేసిన విద్యను, అంతే పాత పరికరంతో రెండో వాళ్ళు వాడుకుని దెబ్బ కొట్టారన్నమాట.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఈ విద్య గురించే. ఎగిరే రాడార్ల ముందు కూర్చునే వాళ్ళు ఏం నేర్చుకుంటారు, అది ఎలా వస్తుంది, వచ్చింది ఎలా పోతుంది అన్నది విషయం.

ముందుగా రాడార్‌ని పైకి ఎందుకు ఎక్కించాలో చూద్దాం. చేలో పిట్టల్ని కాసేవాడు మంచె ఎందుకు కడతాడో అందుకే. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది. ఓడ స్తంభం మీద 25 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కి, నీళ్ళకు నాలుగు మీటర్ల పైన వచ్చే క్షిపణి సుమారు 29 కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకే కనబడే వీలుంటుంది. అంతకు ముందు అది భూమి వంపు చాటున ఉంటుంది. ఎక్సోసెట్ సెకనుకు 300 మీటర్లకు పైగా పోతుంది. లెక్క కడితే ఓడలో వాళ్ళకు మిగిలేది నిమిషంన్నర. అదే రాడార్ మూడు వేల మీటర్ల ఎత్తున ఉంటే, తక్కువ ఎత్తులో వచ్చే విమానం కూడా 240 కిలోమీటర్లకు పైనే అందుతుంది. క్షిపణి వదలకముందే, దాన్ని మోసుకొచ్చే విమానాన్ని అడ్డుకోవచ్చు.

ఈ లెక్క అమెరికన్లకు 1945లో ఒకినావా దగ్గర రక్తంతో తెలిసొచ్చింది. జపాన్ ఆత్మాహుతి విమానాల రాకను ముందే పసిగట్టడానికి రాడార్ ఉన్న డిస్ట్రాయర్లను దీవి చుట్టూ దూరదూరంగా కాపలా పెట్టారు. వచ్చిన విమానాలు చాలాసార్లు ముందు ఆ కాపలా నౌకల మీదే పడ్డాయి. మసాచుసెట్స్‌లోని రేడియేషన్ లాబొరేటరీ వాళ్ళు అప్పటికే ప్రాజెక్ట్ కాడిలాక్ పేరుతో అవెంజర్ విమానం పొట్ట కింద రాడార్ బిగించే పనిలో ఉన్నారు. ఏపీఎస్-20 పుట్టింది అక్కడే. అది నౌకల మీదికి చేరేలోపు యుద్ధం అయిపోయింది. 37 ఏళ్ళ తరవాత ఫాక్‌లాండ్స్‌లో బ్రిటిష్ వాళ్ళు చేసింది మళ్ళీ ఒకినావా పనే. గాల్లో రాడార్ లేదు కాబట్టి షెఫీల్డ్, కోవెంట్రీ, గ్లాస్గో అనే మూడు డిస్ట్రాయర్లను ముందు వరసలో కాపలా పెట్టారు. కాపలా ఉన్నదే దెబ్బ తింది.

ఇప్పుడు ఒక గానెట్ విమానం లోపలికి వెళ్దాం. ముందు పైలట్, వెనక పొట్ట భాగంలోని ఇరుకు గదిలో ఇద్దరు అబ్జర్వర్లు. ఎదురుగా గుండ్రటి తెర. దాని మీద ఒక వెలుగు గీత తిరుగుతూ ఉంటుంది. గీత తిరిగిన చోటల్లా తెర మీద మెరుపులు లేచి, మెల్లగా ఆరిపోతాయి. కంప్యూటర్ లేదు. ఏది విమానమో, ఏది ఓడో, ఏది ఉత్త అలో ఎవరూ రాసి పెట్టరు.

కొత్తగా వచ్చిన కుర్రవాడికి ముందు కనబడేది తెర మధ్యలో తెల్లటి మంట. అది సముద్రం. అలల మీద పడి తిరిగొచ్చే కిరణాల గందరగోళం. దీన్ని క్లట్టర్ అంటారు. గాలి ఎటు నుంచి వీస్తే అటువైపు అలల ముఖాలు నిటారుగా ఉంటాయి కాబట్టి ఆ వైపు మంట ఎక్కువ. మనకు కావలసిన చుక్క ఆ మంటలో ఎక్కడో ఉంటుంది. గెయిన్ అనే మర తిప్పి రాడార్ చెవిని పదును చేస్తే చుక్కతో పాటు మంటా పెరుగుతుంది. తగ్గిస్తే మంటతో పాటు చుక్కా పోతుంది. ఆ రెంటికీ నడుమ, వేలి కొసకు మాత్రమే తెలిసే ఒక చోటు ఉంటుంది. దాన్ని పుస్తకంలో రాసి ఇవ్వలేరు. పైగా వాతావరణం మారితే ఆ చోటూ మారుతుంది. అందుకని చెయ్యి ఎప్పుడూ మర మీదే ఉంటుంది.

వేసవి సాయంత్రాల్లో మన కోస్తా ఊళ్ళలో ఉన్నట్టుండి ఎక్కడిదో దూరపు ఎఫ్ఎం స్టేషన్ వినబడటం ఈ కార్యక్రమం వింటున్న వాళ్ళలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది. చల్లటి తేమ గాలి మీద వేడి గాలి పొర పరుచుకుంటే, రేడియో తరంగాలు ఆ పొర కింద చిక్కుకుని, భూమి వంపును అనుసరించి చాలా దూరం పోతాయి. రాడార్‌కీ ఇదే జరుగుతుంది. మామూలుగా అందనంత దూరంలో ఉన్న తీరం, ఓడలు తెర మీదికి వచ్చేస్తాయి. కొన్నిసార్లు అవి ఉన్న దూరంలో కాకుండా దగ్గర్లో ఉన్నట్టు పడతాయి. తెలియని వాడు లేని నౌకాదళాన్ని చూసి కేకలు పెడతాడు. తెలిసిన వాడు గాలి వేడి, తేమ ముందే అడిగి తెలుసుకుని బయల్దేరతాడు.

చుక్క దొరికిందనుకుందాం. మైనపు పెన్సిల్‌తో అద్దం మీద ఒక గుర్తు. నిమిషం తరవాత ఇంకో గుర్తు. రెంటి మధ్య ఎనిమిది నాటికల్ మైళ్ళు ఉంటే దాని వేగం 480 నాట్లు. ఓడ అయితే అంత తొందర అక్కర్లేదు. ఆరు నిమిషాలు ఆగి, కదిలిన మైళ్ళను పదితో గుణిస్తే సరిపోతుంది. ఈ ఎక్కాలు నోటికి రావాలి. ఎందుకంటే అదే సమయంలో ఒక చెవిలో పైలట్, ఇంకో చెవిలో ఓడ మాట్లాడుతుంటారు, విమానం ఊగిపోతుంటుంది.

తరవాతిది ఎదుర్కోలు. మన యుద్ధ విమానం 480 నాట్లతో పోతోంది, ఎదుటిదీ అంతే వేగంతో వస్తోంది. నిమిషానికి 16 మైళ్ళ దూరం కరిగిపోతుంది. పైలట్‌కి దారి చెప్పే అబ్జర్వరే ఇక్కడ కంట్రోలర్; అతను 15 సెకన్లు తడబడితే నాలుగు మైళ్ళు పోయినట్టే. యుద్ధ విమానం వెనక్కి తిరగాలంటే కొన్ని మైళ్ళ గాలి కావాలి. అందుకని శత్రువు ఇప్పుడున్న చోటికి పంపితే లాభం లేదు, ఉండబోయే చోటికి పంపాలి. పంపేది మాటతో. దిక్కు, దూరం, ఎత్తు, అంతే. ఆ వరస తప్పకూడదు. గొంతు పెంచకూడదు. సగం శిక్షణ ఈ నోటికే. కంట్రోలర్ గొంతు వణికితే పైలట్ చెయ్యి వణుకుతుంది. పైలట్ తన సొంత రాడార్ మీద చుక్క పట్టుకున్నాక ‘జూడీ’ అంటాడు. ఇక నేను చూసుకుంటాను అని దానర్థం. ఆ మాట విన్నాక కంట్రోలర్ నోరు మూసుకోవాలి. కొత్తవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదేనేమోనని నా అనుమానం.

ఈ పని నేర్పే చోటు ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, కల్డ్రోజ్ అనే నౌకాదళ విమాన స్థావరం. అక్కడి 750 స్క్వాడ్రన్ చిన్న విమానాల వెనక భాగంలో విద్యార్థుల్ని కూర్చోబెట్టి తిప్పుతుంది. ముందు దారి కనుక్కోవడం, తరవాత రాడార్. 849 స్క్వాడ్రన్ 1950ల్లో స్కైరైడర్లతో మొదలుపెట్టి, గానెట్ల మీదుగా పాతికేళ్ళకు పైగా ఈ విద్యను చేతి నుంచి చేతికి అందించింది. పరికరం కూడా అంతే. స్కైరైడర్ నుంచి ఊడదీసిన రాడార్ గానెట్‌కి, గానెట్ నుంచి ఊడదీసినది వాయుసేన వారి షాకిల్‌టన్‌కి. 12 షాకిల్‌టన్లు ఉండేవి. వాటికి పిల్లల టీవీ బొమ్మల పేర్లు పెట్టుకున్నారు. ఒకటి జెబెడీ, ఒకటి డూగల్. పాత బండి మీద ప్రేమ ఉంటే ఆ మాత్రం వేళాకోళం తప్పదు. ఆ విమానాలు స్కాట్లండ్‌లోని లాసీమౌత్ నుంచి 1991 దాకా ఎగిరాయి. కానీ అవి ఓడ మీద దిగలేవు. ఫాక్‌లాండ్స్‌కు పనికిరాలేదు.

షెఫీల్డ్ పోయాక లండన్‌లో కదలిక వచ్చింది. సముద్రం మీద గస్తీ తిరిగే నిమ్రాడ్ విమానాల్లో సెర్చ్‌వాటర్ అనే మంచి రాడార్ ఉంది. దాన్ని తెచ్చి, గాలితో ఉబ్బే గుమ్మటంలో పెట్టి, సీ కింగ్ హెలికాప్టర్ పక్కన వేలాడదీశారు. నేల మీద ఉన్నప్పుడు వెనక్కి మడుచుకుంటుంది, గాల్లోకి లేచాక కిందికి దిగుతుంది. చూడటానికి ఏమంత బాగుండదు. పని మొత్తం 11 వారాల్లో అయిపోయింది. ఆగస్టులో రెండు సీ కింగ్‌లు ఇలస్ట్రియస్ నౌక మీద దక్షిణానికి బయల్దేరాయి. యుద్ధం జూన్ 14నే ముగిసింది. అయినా ఆ 11 వారాలను తక్కువగా చూడకూడదు. అంత త్వరగా ఎలా అయిందంటే, గానెట్లు పోయి నాలుగేళ్ళే అయింది. ఈ పని తెలిసిన వాళ్ళు ఇంకా నౌకాదళంలోనే, వేరే వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంకో పదేళ్ళు ఆలస్యమై ఉంటే రాడార్ దొరికేది, దాని ముందు కూర్చోబెట్టడానికి ఎవరు దొరికేవాళ్ళో.

అదే కాలంలో బ్రిటన్ వాయుసేన ఎదురు దారి పట్టింది. మనిషి చేసే పనంతా కంప్యూటర్‌కి అప్పగిస్తామంటూ నిమ్రాడ్ విమానానికి ముందొక గుమ్మటం, వెనకొక గుమ్మటం పెట్టి కొత్త రాడార్ విమానం తలపెట్టారు. దగ్గరదగ్గర 100 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాక 1986 డిసెంబరులో ఎత్తేశారు. దాని జబ్బు ఏమిటంటే, నేల మీద కదిలే వాటిని కూడా విమానాలనుకుని లెక్కలోకి తీసుకునేది. రోడ్డు మీద పోయే కార్లతో కంప్యూటర్ నిండిపోయేది. మైనపు పెన్సిల్ పట్టుకున్న మనిషి పట్టించుకోకుండా వదిలేసే వాటిని వదిలేయడం ఆ యంత్రానికి చేతకాలేదు. చివరికి అమెరికన్ బోయింగ్ ఈ-3 విమానాలు కొనుక్కున్నారు.

ఆ ఈ-3లో రాడార్ గొప్పది, కంప్యూటర్ గొప్పది. తెర మీద మంటలుండవు, శుభ్రమైన గుర్తులుంటాయి. మరి ఇక శిక్షణ అవసరం తగ్గిందా? 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌లో జరిగింది వింటే జవాబు తెలుస్తుంది.

గల్ఫ్ యుద్ధం తరవాత కుర్దుల రక్షణ కోసం అక్కడ విమాన నిషేధ ప్రాంతం పెట్టారు. ఆ రోజు కాపలా కాస్తున్న అమెరికన్ ఈ-3లో సిబ్బంది 19 మంది. ఆ బృందం అంతా కలిసి ఆ ప్రాంతానికి రావడం అదే మొదటిసారి. ఒక కంట్రోలర్ తెర పనిచేయకపోవడంతో అతను తన మామూలు చోటు వదిలి వేరే కుర్చీకి మారాడు. దాంతో పక్కపక్కనే ఉండి మాట్లాడుకోవలసిన ఇద్దరు విడిపోయారు. అమెరికన్ సైన్యానికే చెందిన రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లు ఆ ప్రాంతంలోకి వచ్చాయి. వస్తున్నామని రేడియోలో చెప్పాయి కూడా. చెప్పింది ఒక కంట్రోలర్‌కి. లోపలి ప్రాంతం చూసుకునేది ఇంకో కంట్రోలర్. హెలికాప్టర్లు లోపలికి వచ్చాక రేడియో ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి, గుర్తింపు సంకేతం మార్చుకోవాలి. మార్చుకోమని ఎవరూ చెప్పలేదు. కొండల మధ్యకు దిగేసరికి తెర మీది గుర్తు మాయమైంది. కాసేపటికి దాన్ని తెర నుంచి తీసేశారు.

అప్పుడు రెండు ఎఫ్-15 యుద్ధ విమానాలు వచ్చాయి. ముందున్న పైలట్ తన రాడార్‌లో ఏదో కనబడుతోందని చెప్పాడు. అక్కడేమీ లేదని ఈ-3 నుంచి జవాబు. దగ్గరికి వచ్చి మళ్ళీ చెప్పాడు. ఈసారి అవును, ఏవో ఉన్నాయని జవాబు. అవి మనవే అన్న మాట ఎవరి నోటా రాలేదు. పైలట్లు పక్కగా ఎగిరి చూసి, రష్యా తయారీ హైండ్ హెలికాప్టర్లనుకుని, రెండింటినీ కూల్చేశారు. 26 మంది చనిపోయారు. ఈ-3 సిబ్బందిలో ఒక్క అధికారిని మాత్రం కోర్టు మార్షల్ చేశారు, అతను నిర్దోషిగా బయటపడ్డాడు.

కంట్రోలర్ల భాషలో ఎవరిదో తెలియని విమానం ‘బోగీ’. శత్రువని తేలింది ‘బాండిట్’. కాల్చడానికి అనుమతి ఉన్నది ‘హోస్టైల్’. ఈ మూడు మెట్లూ ఒకదాని తరవాత ఒకటి ఎక్కాలి. ఆ ఏప్రిల్ ఉదయం రాడార్ తన పని తాను సరిగ్గానే చేసింది, చుక్కలు చూపించింది. చూసిన సంగతి పక్క మనిషికి అందలేదు, అంతే. అందుకే ఈ పనిలో శిక్షణ ఒక్కొక్కరికి విడిగా ఇస్తే చాలదు. ఒక విమానంలో ఎగరబోయే వాళ్ళందర్నీ నేల మీద సిమ్యులేటర్‌లో కలిపి కూర్చోబెట్టాలి. మధ్యలో ఒక తెర ఆపేయాలి, ఒక రేడియో మూగబోయేట్టు చేయాలి, ఎవరు ఎవరికి ఏం చెబుతారో చూడాలి. అయిపోయాక టేపు వేసి, ఎవరు ఏ క్షణంలో ఏమన్నారో వాళ్ళకే వినిపించాలి. ఆ వినడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో రేడియోలో తమ గొంతు తాము విన్న వాళ్ళెవరికైనా తెలుసు.

ఇక మన దేశం సంగతి. సొంతంగా రాడార్ విమానం చేద్దామని డీఆర్‌డీఓ ఆవ్రో విమానం మీద గుండ్రటి గుమ్మటం పెట్టి ప్రయోగాలు చేసింది. 1999 జనవరి 11న తమిళనాడు అరక్కోణం దగ్గర ఆ గుమ్మటం ఊడిపోయి విమానం కూలింది. శాస్త్రవేత్తలు, వాయుసేన సిబ్బంది కలిపి ఎనిమిది మంది పోయారు. ఆ పథకం అక్కడ ఆగింది. తరవాత రష్యా ఇల్యూషిన్ విమానం మీద ఇజ్రాయెల్ ఫాల్కన్ రాడార్ పెట్టి తెప్పించుకున్నవి 2009 నుంచి ఆగ్రాలో ఉన్నాయి. నౌకాదళానికి కామోవ్-31 హెలికాప్టర్లు ఉన్నాయి. వాటి రాడార్ పొట్ట కింద మడిచి ఉండి, గాల్లో విచ్చుకుని తిరుగుతుంది. 2017 ఫిబ్రవరిలో మన సొంత నేత్ర వాయుసేన చేతికి వచ్చింది. బ్రెజిల్ ఎంబ్రేయర్ విమానం వీపు మీద పొడవాటి దూలంలా కనబడేదే దాని రాడార్. బెంగళూరులోని క్యాబ్స్ సంస్థ దీనికి కేంద్రం. పాలు పంచుకున్న ప్రయోగశాలల్లో మన హైదరాబాద్ డీఎల్ఆర్ఎల్ ఒకటి.

ఫాల్కన్ చుట్టూ చూస్తుంది. నేత్ర రెండు పక్కలా కలిపి 240 డిగ్రీలు చూస్తుంది. ముక్కు వైపు, తోక వైపు చూపు ఆనదు. అంటే నేత్రలో కూర్చున్న వాడికి తను ఏం చూస్తున్నాడో తెలిస్తే చాలదు, ఈ నిమిషంలో ఏ వైపు చూడలేకపోతున్నాడో కూడా మనసులో ఉండాలి. విమానం మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ చీకటి ముక్క కూడా తిరుగుతుంది. అప్పటిదాకా పట్టుకున్న గుర్తు ఆ చీకట్లోకి జారితే, అవతలి పక్క ఎప్పుడు తేలుతుందో లెక్క వేసుకుని కాచుకోవాలి. గానెట్‌లో మైనపు పెన్సిల్ మనిషి చేసిన పనికీ దీనికీ పెద్ద తేడా లేదు.

మన వాయుసేనలో ఫైటర్ కంట్రోలర్లుగా వెళ్ళే అధికారులు మన హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీ నుంచే బయటికి వస్తారు. తరవాత లక్నో దగ్గర మెమౌరాలోని ఎయిర్ డిఫెన్స్ కాలేజీలో ఈ విద్య నేర్చుకుంటారు. నేల మీది రాడార్ల దగ్గర పని చేసి, చెయ్యి తిరిగాక కొందరు గాల్లోకి వెళ్తారు. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ విమానాలు సరిహద్దు దాకా వచ్చినప్పుడు నేల మీది రాడార్ గదిలో ఉండి మన పైలట్లకు దారి చెప్పిన స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్‌కు ఆ ఏడాది యుద్ధ సేవా పతకం వచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమె. అదే రోజు శ్రీనగర్ పక్కన బడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. వాయుసేన వాళ్ళు ఆరుగురు, కింద ఉన్న పౌరుడొకడు చనిపోయారు. అది పెద్ద తప్పని ఆ అక్టోబరులో వాయుసేనాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నారు. పతకం గురించి మనం చాలానే విన్నాం. శిక్షణ గదుల్లో మాత్రం ఎక్కువ కాలం నడవాల్సింది రెండో సంఘటన మీది చర్చేనని నా అభిప్రాయం.

మళ్ళీ బ్రిటన్ దగ్గరికి వస్తే, అది తన ఈ-3 విమానాల్ని 2021లో పక్కన పెట్టేసింది. వాటి స్థానంలో రావలసిన వెడ్జ్‌టెయిల్ విమానాలు ఆలస్యమయ్యాయి. మళ్ళీ ఖాళీ వచ్చింది. ఈసారి మాత్రం తన మనుషుల్లో కొందరిని ఆస్ట్రేలియాలోని విలియమ్‌టౌన్ స్థావరానికి పంపి, అక్కడి వాయుసేన వెడ్జ్‌టెయిల్ విమానాల్లో కూర్చోబెట్టింది. విమానం పరాయిదైనా చెయ్యి ఆడుతూ ఉంటుందని.

మన ప్రభుత్వం 2021లో ఇంకో ఆరు రాడార్ విమానాలకు అనుమతి ఇచ్చింది. ఎయిర్ ఇండియా వాడిన ఎయిర్‌బస్ ఏ321లను మార్చి చేసేవి అవి. ఒక్క విమానాన్ని రోజుల తరబడి గస్తీలో నిలపాలంటే ఒక బృందం చాలదు, వంతులవారీగా ఎక్కే బృందాలు కావాలి. వాటిలో కూర్చోబోయే వాళ్ళకు నేర్పడం విమానాలు వచ్చాక మొదలుపెట్టే పని కాదు. పాత నేత్రలూ ఫాల్కన్‌లూ సరిహద్దు కాపలాకే చాలీచాలకుండా ఉంటే, వాటిలో కొన్ని గంటలు విద్యార్థుల కోసం ఎవరు వదులుతారన్నది ఇప్పుడు తేల్చుకోవలసిన లెక్క.